పదకొండో నంబరు

మా ఇంట్లో ల్యాప్‌టాప్ తెర మీద కుడిచేతి పై మూలన అగ్గిపెట్టెంత పలక ఒకటి ఎప్పుడూ కనబడుతూ ఉంటుంది. మామూలు రోజుల్లో దానిది ఆకుపచ్చ రంగు. "బందరు: హెచ్చరికలు లేవు" అని ఒక వరస, దాని కింద సన్నక్షరాలతో "చివరిసారి కబురందింది ఉదయం 7.35" అని ఇంకో వరస. పొద్దున్నే కాఫీ తాగుతూ తిథి చూసుకున్నట్టు దాన్నొకసారి చూసుకోవడం నాకు అలవాటైంది. ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతున్న మా మనవరాలు దసరా సెలవులకొచ్చి, నాలుగు రోజులు కూర్చుని కట్టింది దాన్ని. ఇలా తెర మీద ఓ మూల ఉండి ఒకే పని చేసుకుపోయే చిన్న ప్రోగ్రాములను విడ్జెట్లు అంటారు. గడియారం చూపించేవి, క్రికెట్ స్కోరు చూపించేవి మీరూ చూసే ఉంటారు. ఇది తుఫాను, పిడుగు, కుండపోత, వడగాడ్పు లాంటివాటి హెచ్చరికలు చూపిస్తుంది.

ఆ నాలుగు రోజులూ నేను పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ముప్పై ఏళ్లు బళ్లో లెక్కలు చెప్పాను కాబట్టి, అది చేసే ప్రతి పనికీ "ఎందుకమ్మా?" అని అడగడం నా అలవాటు. అది విసుక్కోకుండా చెప్పింది. ఆ కబుర్లే మీకు చెబుతాను పిల్లలూ.

అన్నట్టు, తుఫాను రోజుల్లో పేపర్లో చదువుతుంటారు కదా, "మచిలీపట్నం ఓడరేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక" అని. ఆ నంబర్లు కూడా ఒక రకం విడ్జెట్టే. రేవులో ఎత్తయిన స్తంభానికి పగలైతే శంకువులు, స్థూపాల ఆకారాలు వేలాడదీస్తారు, రాత్రయితే ఎర్ర దీపాలు, తెల్ల దీపాలు వెలిగిస్తారు. పడవలో ఉన్నవాడు దూరం నుంచే చూసి సంగతి గ్రహిస్తాడు. చదువు రానివాడికీ తెలుస్తుంది.

ఈ ఏర్పాటు ఊరికే రాలేదు. 1864లో అక్టోబరు 5న కలకత్తాను పెద్ద తుఫాను ముంచేసింది. నెల తిరక్కుండా నవంబరు 1న మా బందరు, అంటే మచిలీపట్నం మీద ఉప్పెన పడింది. ఇక్కడే సుమారు ముప్పై వేలమంది పోయారని లెక్క. అప్పటికే దేశంలో తంతి తీగలు వచ్చాయి. కబురు క్షణాల్లో పోయే సాధనం ఉంది గానీ, సముద్రాన్ని చూసి ఫలానా చోటికి ఫలానా కబురు పంపాలనే ఏర్పాటు లేదు. ఆ మరుసటి ఏడే, 1865లో, కలకత్తా రేవుకు తుఫాను హెచ్చరికలు మొదలయ్యాయి. ఇంకో పదేళ్లకు, 1875లో, భారత వాతావరణ శాఖ పుట్టింది.

ఆ నంబర్ల గురించి చాలామందికి ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. పరీక్ష మార్కుల్లా నంబరు పెరిగేకొద్దీ ప్రమాదం మెట్టు మెట్టుగా పెరుగుతుందనుకుంటారు. పూర్తిగా అలా కాదు. ఒకటి, రెండు నంబర్లు దూరాన సముద్రంలో ఏదో పుట్టిందని చెబుతాయి. మూడు, నాలుగు రేవుకే గాలి ముప్పు ఉందంటాయి. అయిదు, ఆరు, ఏడు ప్రమాద హెచ్చరికలు. ఎనిమిది, తొమ్మిది, పది మహా ప్రమాద హెచ్చరికలు. ఈ మూడేసి నంబర్లలో తేడా బలంలో ఉండదు, దిక్కులో ఉంటుంది. అయిదు, ఎనిమిది అంటే తుఫాను రేవును తన ఎడమవైపు ఉంచుకుని పోతుందని. ఆరు, తొమ్మిది అంటే కుడివైపు ఉంచుకుని పోతుందని. ఏడు, పది అంటే రేవు మీదుగానో, దాని పక్కనుంచో దాటుతుందని. మన అర్ధగోళంలో తుఫాను గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. అందుకని అది మన తీరం దాటేటప్పుడు దాని దారికి కుడిపక్కన గాలి సముద్రం మీదనుంచి నేల మీదికి వీస్తుంది. ఉప్పెన ఎక్కువగా ఆ పక్కనే లేస్తుంది. అంత కబురు ఒక్క అంకెలో ఇమిడ్చారు పెద్దలు.

మొత్తం నంబర్లు పది కాదు, పదకొండు. ఆ పదకొండోదాని సంగతి తరవాత చెబుతాను, గుర్తుంచుకోండి.

ఇక మనవరాలి దగ్గరికి వద్దాం. మొదటిరోజు నేనడిగిన ప్రశ్న: "కబురు ఎక్కణ్ణుంచి వస్తుంది తల్లీ? వాతావరణ శాఖవాళ్లు రాసే బులెటిన్ మనిషి చదువుకునేది కదా, నీ ప్రోగ్రాముకు ఎలా అర్థమవుతుంది?"

"మనియార్డరు ఫారం ఉంటుంది చూడు తాతయ్యా, అలాంటిదొకటి ఉంది" అంది.

దాని పేరు కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్. పొట్టిగా క్యాప్ అంటారు. 2004లో మొదటి రూపం వచ్చింది, ఇప్పుడు వాడుకలో ఉన్న 1.2 రూపం 2010 నాటిది. ఉత్తరం ఎవరికి తోచినట్టు వారు రాస్తారు గానీ, మనియార్డరు ఫారంలో పేరు ఇక్కడే రాయాలి, డబ్బు ఎంతో ఇక్కడే రాయాలి. అందుకే ఏ ఊరి పోస్టుమాస్టరైనా ఎవరి ఫారమైనా తికమక పడకుండా చదవగలడు. క్యాప్ కూడా అంతే. పంపిందెవరు, ఎప్పుడు పంపారు, ఏ ఉపద్రవం, ఏ ప్రాంతం, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, జనం ఏం చెయ్యాలి అని దేని గడి దానిది. తుఫానైనా, వరదైనా, సునామీ అయినా, ఫ్యాక్టరీలో విషవాయువు లీకైనా అదే ఫారం. ఒకే ఫారంలో అదే సంగతిని ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి రాసే వీలూ ఉంది.

మన దేశంలో ఈ ఫారాలన్నీ ఒకచోటికి చేర్చే ఏర్పాటుకు సచేత్ అని పేరు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కోసం టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ వాళ్లు కట్టారు. వాతావరణ శాఖ గాలివానల సంగతి చెబుతుంది, కేంద్ర జల సంఘం నదుల వరద చెబుతుంది, హైదరాబాదులో ఉన్న ఇన్‌కాయిస్ అనే సంస్థ రాకాసి అలలు, సునామీల సంగతి చెబుతుంది. సముద్రానికి అంత దూరాన హైదరాబాదులో కూర్చుని సముద్రాన్ని కనిపెట్టుకుని ఉండటం నాకెప్పుడూ ఆశ్చర్యమే. 2023లో ఒకరోజు మీ ఇంట్లో ఫోన్లన్నీ ఒక్కసారిగా కుయ్యిమని మోగి, "ఇది పరీక్ష మాత్రమే" అని చూపించడం గుర్తుందా? అదీ ఈ కుటుంబంలోదే.

ఆ ఫారంలో నాకు బాగా నచ్చినవి మూడు గడులు. ఎంత పెద్దది, ఎంత తొందర, ఎంత నమ్మకం. వీటిని విడివిడిగా అడుగుతుంది. మనం మామూలు మాటల్లో ఈ మూడింటినీ కలిపేస్తాం. "పెద్ద తుఫానొస్తోంది" అంటే అది పెద్దదనా, దగ్గరికొచ్చిందనా, తప్పకుండా వస్తుందనా? బంగాళాఖాతంలో అయిదు రోజుల దూరాన ఉన్న తుఫాను చాలా పెద్దదే కావచ్చు, తొందరేం లేకపోవచ్చు, మనవైపే వస్తుందన్న నమ్మకమూ తక్కువే ఉండవచ్చు. అదే మధ్యాహ్నం మూడింటికి చేను మీద కమ్ముకున్న పిడుగుల మబ్బు చిన్నదే, కానీ అరగంట కూడా ఆగదు, కళ్లెదుటే ఉంది. చేలో మనిషికి ఈ రెండోదే ముందు తెలియాలి. మా పిల్ల ఈ మూడు గడులూ చూసి, ఏది పలక మీద పైన ఉండాలో తేల్చే లెక్క రాసింది. తొందర ఉన్నదానికి మొదటి పీట వేసింది.

రెండో రోజు వచ్చింది అసలైన లెక్క. హెచ్చరిక ఏ ప్రాంతానికో చెప్పేందుకు ఆ ఫారంలో ఒక గీత గీస్తారు. అక్షాంశ రేఖాంశాల జతలు వరసగా ఇస్తారు, చివరి జత మళ్లీ మొదటిదే. అన్నిటినీ కలిపితే పటం మీద ఒక బహుభుజి, పొలానికి గట్టు వేసినట్టు. మరి మన ఇల్లు ఆ గట్టు లోపల ఉందా, బయట ఉందా? మనిషి కంటితో చూసి చెప్పేస్తాడు. కంప్యూటరుకు కన్ను లేదు, దాని దగ్గర ఉన్నవి అంకెలే.

దీనికి ఎంత చక్కని ఉపాయం ఉందో చూడండి. వంకర టింకర గట్లున్న పొలాల మధ్య మీరు కళ్లకు గంతలు కట్టుకుని నిలబడ్డారనుకోండి. ఒక్క పొలం గట్టు సంగతే తేల్చాలి. తూర్పుకు తిరిగి తిన్నగా నడుచుకుంటూ పోండి, ఆ పొలం గట్టును ఎన్నిసార్లు దాటారో లెక్కపెట్టండి. చాలా దూరం పోయాక లెక్క బేసి వస్తే మీరు బయల్దేరింది పొలం లోపలి నుంచి. సరి వస్తే బయట నుంచి. గట్టు దాటిన ప్రతిసారీ లోపలివాడు బయటికొస్తాడు, బయటివాడు లోపలికెళతాడు. ఆఖరికి బయటే తేలాలి కాబట్టి, బేసిసార్లు దాటినవాడు లోపలే మొదలుపెట్టి ఉండాలి. పొలం ఎన్ని వంకరలు తిరిగినా ఈ సూత్రం తప్పదు. కాగితం మీద జామకాయ ఆకారమో, ఏనుగు ఆకారమో గీసి మీరే వేలితో నడిపించి చూడండి. ఒక్కటే జాగ్రత్త: సరిగ్గా రెండు గట్లు కలిసే మూల మీదుగా మీ దారి పోతే దాన్ని ఒకసారి లెక్కెయ్యాలా, రెండుసార్లా అన్న చిక్కొస్తుంది. దానికి ముందే ఒక కట్టుబాటు పెట్టుకోవాలి. మా మనవరాలు దీన్ని పదిహేను వరసల్లో రాసేసింది. నాకు మాత్రం ఆ సాయంత్రమంతా అదే ధ్యాస.

అంత చక్కని లెక్క రాసినా మొదటిసారి నడిపితే బందరుకు ఏ హెచ్చరికా తగల్లేదు. మా కృష్ణా జిల్లా మొత్తానికి పిడుగుల హెచ్చరిక ఉన్న మధ్యాహ్నం అది. గంటసేపు వెతికింది పాపం. తీరా చూస్తే తప్పు చిన్నదే. క్యాప్ ఫారంలో అక్షాంశం ముందు, రేఖాంశం తరవాత రాస్తారు. పటాలు గీసే వేరొక వాడుక పద్ధతిలో, జియోజేసన్ అంటారు దాన్ని, రేఖాంశమే ముందు. రెండూ కలగలిసిపోయాయి. బందరు సుమారు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 81 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. ఆ రెండంకెలూ తారుమారైతే 81 డిగ్రీల ఉత్తరం, 16 డిగ్రీల తూర్పు అవుతుంది. గ్లోబు తెప్పించి చూశాను. అది స్వాల్బార్డ్ దీవులకు ఉత్తరాన ఆర్కిటిక్ సముద్రం! అక్కడ మన పిడుగు హెచ్చరిక ఎలా తగులుతుంది? మీరు ఎప్పుడైనా పటాలతో పనిచేస్తే ఈ ఒక్క సంగతి మరచిపోకండి. మన తెలుగు నేల మీద అక్షాంశం ఇరవై దాటదు, రేఖాంశం డెబ్బయ్యారుకు తగ్గదు. ఆ హద్దులు దాటిన అంకె కనిపిస్తే గొంతెత్తి అరవమని ప్రోగ్రాముకు చెప్పి ఉంచాలి.

కాలం దగ్గర ఇంకో గుంట. మామూలుగా హెచ్చరికకు ఎప్పటితో తీరిపోతుందో గడువు రాసి ఉంటుంది. కొందరు భారత కాలమానంలో రాస్తారు, కొందరు ప్రపంచమంతటికీ ఉమ్మడిగా ఉండే యూటీసీలో రాస్తారు. మనకూ దానికీ అయిదున్నర గంటల తేడా. "2.30 వరకు" అని యూటీసీలో ఉంటే మనకు ఉదయం 8 గంటల వరకని అర్థం. తేడా చూసుకోని ప్రోగ్రాము తెల్లవారుజామున రెండున్నరకే హెచ్చరిక తీసేసి పలకను ఆకుపచ్చ చేసేస్తుంది. గాలి అప్పటికి సగం దారిలో ఉంటుంది. గడువు పక్కనే ప్లస్ అయిదున్నర అనో, సున్నా అనో రాసి ఉంటుంది, దాన్ని చదవకుండా వదిలెయ్యడమే తప్పు.

హెచ్చరికకు తమ్ముళ్లూ ఉంటారు. మొదట వచ్చింది హెచ్చరిక. దాన్ని సవరిస్తూ ఇంకోటి వస్తుంది, ఇది ఫలానాదానికి సవరణ అని చెప్పుకుంటూ. ఒక్కోసారి రద్దు కబురు వస్తుంది. మూడింటినీ వేటికవే చూపిస్తే ఒకే తుఫాను మూడు తుఫాన్లలా కనబడి ఇంట్లోవాళ్లు హడలిపోతారు. కసరత్తు కోసం పంపేవీ, పరీక్ష కోసం పంపేవీ వేరే గుర్తుతో వస్తాయి. వాటిని వడగట్టాలి. 2018 జనవరి 13న అమెరికాలోని హవాయి దీవుల్లో, క్షిపణి వచ్చి పడబోతోంది, ఇది కసరత్తు కాదు అన్న కబురు పొరపాటున జనం ఫోన్లకు పోయింది. అది తప్పని మళ్లీ ఫోన్లకు కబురు రావడానికి 38 నిమిషాలు పట్టింది. ఆ 38 నిమిషాలు అక్కడి తల్లులు పిల్లల్ని పట్టుకుని ఎక్కడ దాక్కున్నారో తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. రద్దు కబురు కూడా హెచ్చరికంత గట్టిగానే వినబడాలి. మా పలక రద్దును పావుగంటసేపు చూపించాకే ఆకుపచ్చకు మళ్లుతుంది.

రంగుల విషయంలో మా పిల్లకు నేను చెప్పింది ఒకటే: సొంతంగా కొత్త రంగులు పెట్టకు. వాతావరణ శాఖకు నాలుగు రంగులున్నాయి. ఆకుపచ్చ అంటే ఏమీ లేదు. పసుపు అంటే కనిపెట్టుకుని ఉండు. నారింజ అంటే సిద్ధంగా ఉండు. ఎరుపు అంటే కదులు. ఇది ఎంత వాన పడుతుందన్న కొలత మాత్రమే కాదు, దానివల్ల ఎంత నష్టం, ఎంత అవకాశం ఉందో కలిపి చూసి వేసే రంగు. జనం టీవీలోనూ పేపర్లోనూ అలవాటుపడ్డ ఆ రంగులనే ఇంట్లోనూ చూడాలి.

వాన కొలతలకు కూడా ఇంటి లెక్క ఒకటి చెప్పాను. ఇరవైనాలుగు గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 దాటితే అతి భారీ, 204.5 దాటితే అత్యంత భారీ అంటారు. మిల్లీమీటర్లంటే ఎవరి కంటికీ ఆనదు. అదే వంద చదరపు మీటర్ల డాబా, అంటే మన లెక్కలో దాదాపు నూట ఇరవై గజాలు, దాని మీద 204.5 మిల్లీమీటర్ల వాన పడితే 20,450 లీటర్ల నీళ్లు. అయిదువేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు తెచ్చి మీ డాబా మీద కుమ్మరించినట్టు! అన్ని డాబాల నీళ్లూ ఒకే మురుక్కాలవలోకి పోవాలి. పలక మీద నొక్కితే ఈ ట్యాంకర్ల లెక్క కనబడేలా పెట్టింది. వాళ్ల అమ్మమ్మ అదొక్కటే చూస్తుంది, ఆరబెట్టిన మిరపకాయలు ఎప్పుడు లోపల పెట్టాలో దాన్ని బట్టే తేల్చుకుంటుంది.

మోత దగ్గర మాత్రం ఇద్దరం కాసేపు వాదించుకున్నాం. ప్రతి హెచ్చరికకూ గంట మోగాలంది అది. వద్దన్నాను. నాన్నా పులి కథ మీకూ తెలుసు కదా. వానాకాలంలో పసుపు రంగు వారానికి నాలుగుసార్లు వస్తుంది. నాలుగుసార్లూ మోగితే అయిదోసారి ఎవరో ఒకరు దాని నోరు నొక్కేస్తారు, ఎరుపు వచ్చిన రోజున అది మూగగా ఉంటుంది. చివరికి పసుపుకు మోత లేదు, నారింజకు ఒకే ఒక్కసారి, ఎరుపుకు మాత్రం మనిషి వచ్చి ముట్టుకునేదాకా ఆగకుండా మోగుతుంది.

ఎంతసేపటికోసారి వెళ్లి కబురడగాలి? సెకనుకోసారి అడగొచ్చు గానీ అది మర్యాద కాదు. లక్షమంది అలా అడిగితే కబురిచ్చే యంత్రమే కుప్పకూలుతుంది, అదీ తుఫాను రోజునే. మాది అయిదు నిమిషాలకోసారి అడుగుతుంది. అడిగేటప్పుడు కూడా "క్రితంసారి ఇచ్చింది నా దగ్గరుంది, కొత్తదుంటేనే ఇవ్వు" అంటుంది. కొత్తది లేకపోతే అటునుంచి "మార్పు లేదు" అని రెండు ముక్కల జవాబొస్తుంది.

అమెరికాలో డాలస్‌లో ఉన్న మా పెద్ద మనవడు ఈ సంగతి విని, ప్రోగ్రాము పంపించమన్నాడు. అక్కడ జాతీయ వాతావరణ సేవ హెచ్చరికలను డబ్బేమీ తీసుకోకుండా ఎవరికైనా ఇస్తుంది, అడిగేవాడు తానెవరో చెప్పుకుంటే చాలు. గడుల పేర్లు కూడా ఇవే కాబట్టి మార్చాల్సింది కొంచెమే. అక్కడి భయం వేరు. టోర్నడో అనే సుడిగాలి నిమిషాల్లో పుట్టి ఒక వీధిని ఊడ్చేసి పక్క వీధిని వదిలేస్తుంది. 2007 అక్టోబరు నుంచి వాళ్లు జిల్లా జిల్లాకు కాకుండా సుడి వెళ్లే దారి మీదే బహుభుజి గీస్తున్నారు. టోర్నడో వాచ్ అంటే గాలి అందుకు అనువుగా ఉందని, వార్నింగ్ అంటే ఎవరో కళ్లతో చూశారనో రాడార్‌లో కనబడిందనో. మనవాళ్లు అక్కడికి కొత్తగా వెళ్లినప్పుడు ఈ రెండు మాటలూ ఒకటే అనుకుంటారు. వాడి పలక నిమిషానికోసారి అడుగుతుంది.

మూడో రోజు సాయంత్రానికి పలక తయారైంది. ముచ్చటగా ఉంది. అందరం చూసి మెచ్చుకున్నాం. రాత్రి భోజనాల వేళ నాకు ఒక అనుమానం వచ్చింది. లేచి వెళ్లి వైఫై పెట్టె స్విచ్ తీసేశాను. తిరిగొచ్చి కూర్చుని మజ్జిగన్నం తిన్నాను. గంట గడిచింది. పలక ఆకుపచ్చగానే ఉంది. "హెచ్చరికలు లేవు" అంటూనే ఉంది.

"అమ్మడూ, ఇది చెప్పేది నిజమేనా?" అన్నాను.

అది పలక వంక చూసింది, నా వంక చూసింది. దాని ముఖం మారిపోయింది.

అప్పుడు చెప్పాను దానికి, 1977 నవంబరు 19 సంగతి. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. ఆ మధ్యాహ్నానికే మా వీధిలో కరెంటు పోయింది. రేడియో ఉన్న ఇంట్లో రేడియో మూగబోయింది. వీధి అరుగు మీద పెద్దవాళ్లు, "ఏ కబురూ రాలేదుగా, ఏమీ ఉండదులే" అనుకోవడం నా చెవులతో విన్నాను. ఆ సాయంత్రం దివిసీమ మీద అయిదు మీటర్ల ఎత్తున ఉప్పెన పడింది. పదివేలమందికి పైగా పోయారు. మా మేనత్త కుటుంబం అక్కడే కోడూరు వైపు ఉండేది. ఆ తరవాతి వారం మా నాన్నగారు అటు వెళ్లి వచ్చి, చాన్నాళ్లు ఎవరితోనూ మాట్లాడలేదు. కబురు రాకపోవడాన్ని క్షేమమని చదువుకున్నాం మేము.

ఇప్పుడు పదకొండో నంబరు. రేవు స్తంభానికి పదకొండో నంబరు ఎగరేశారంటే అర్థం: తుఫాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి. అటునుంచి కబురు రావడం లేదు, ఇక్కడి అధికారికి వాతావరణం మీద అనుమానంగా ఉంది. గాలి ఎంతో, ఏ పక్క నుంచో ఆ గుర్తు చెప్పదు. నాకు తెలియడం లేదు, కాబట్టి నువ్వు జాగ్రత్తపడు అని చెబుతుంది. ఆ పెద్దలు దాన్ని అన్నిటికంటే పైన, పదో నంబరు తరవాత పెట్టారు. ఎప్పుడు చదివినా నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

ఇది పాతకాలపు ముచ్చట అనుకోకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం మీద తీరం దాటినప్పుడు రోజుల తరబడి అక్కడ కరెంటు లేదు, ఫోన్లు లేవు. విశాఖలో ఉన్న మా తమ్ముడి గొంతు నాలుగు రోజులకు గానీ వినలేదు. పెద్ద గాలి మొదట తెంచేది తీగలనే. పలకతో మనకు ఎక్కువ పని ఉన్న గంటలోనే దానికి నెట్ అందదు.

నాలుగో రోజంతా మనవరాలు ఈ ఒక్క పని మీదే కూర్చుంది. ముందు మూడు రోజుల పని కంటే అదే కష్టమైంది. ఎందుకంటే తెలియకపోవడంలో చాలా రకాలున్నాయి. నెట్ పోవడం ఒక రకం. నెట్ ఉండి, అటు యంత్రం జవాబివ్వకపోవడం ఇంకో రకం. జవాబిచ్చి, అందులో ఫారం బదులు ఏదో తప్పు పేజీ రావడం మరో రకం. దాన్ని చదవలేక ప్రోగ్రాము ఖాళీ చేతులతో వచ్చి, హెచ్చరికలు సున్నా అనుకుంటుంది. ఫారం సరిగ్గానే వచ్చి, అది నిన్నటి ఫారమే కావడం అన్నిటికంటే మాయది. అందుకని పలక తానెప్పుడు అడిగిందో చూసుకుంటే చాలదు, అటువైపు ఆ కాగితం ఎప్పుడు తయారైందో కూడా చూడాలి. నడి వానాకాలంలో దేశమంతటా కలిపి ఒక్క హెచ్చరికా లేదని జవాబొస్తే, దాన్ని శుభవార్తగా కాకుండా అనుమానంగానే తీసుకోవాలి. ఇవి కాక, ప్రోగ్రామే బిగుసుకుపోయిందనుకోండి, తెర మీద పాత బొమ్మ అలాగే నిలిచిపోతుంది. దానికోసం పలక మూలన ఒక చుక్క సెకనుకోసారి వెలిగి ఆరుతుంది. చుక్క ఆగితే పలక ప్రాణం పోయినట్టే.

ఇప్పుడు మా పలకకు అయిదో రంగు ఉంది, బూడిద రంగు. పావుగంటసేపు నమ్మదగిన కబురు అందకపోతే ఆకుపచ్చ పోయి బూడిద వస్తుంది, "తెలియదు" అని రాసి ఉంటుంది. ఆఖరి కబురు నారింజో ఎరుపో అయి, ఆ తరవాత సంబంధం తెగిపోతే, పలక నిండా పెద్ద అంకె ఒకటి వచ్చి మోగుతుంది: 11. కరెంటు పోయినా ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉన్నంతసేపు అది మోగుతుంది. ఆ తరవాతికి బ్యాటరీ రేడియో ఒకటి కొత్త సెల్లులేసి బీరువా మీద పెట్టాం.

మీలో ఎవరైనా ఇలాంటిది కట్టబోతే, రంగులూ బొమ్మలూ పెట్టకముందే మొదటిరోజే నెట్ తీసేసి గంటసేపు చూడండి. అది ఇంకా ఆకుపచ్చగానే కనబడుతుంటే, దయచేసి దాన్ని ఎవరి ఇంట్లోనూ పెట్టకండి.